ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? శ్రీకాకుళంలో సీటు బెల్టు ప్రీటెన్షనర్ వైరింగ్ బాగుచేయించిన నా అనుభవం

ముందు షాపు సంగతి చెప్పేస్తాను, కథ తర్వాత. సింహద్వారం దగ్గర హైవే దిగి శ్రీకాకుళం ఊళ్లోకి వస్తుంటే, మెయిన్ రోడ్డు మీద కాకుండా లోపల ఒక టైర్ల షాపు పక్క సందులో, నీలం షట్టరున్న చిన్న ఆటో ఎలక్ట్రికల్ షాపు ఒకటి ఉంది. బోర్డు లేదు. యాభై దాటిన మేస్త్రి, ఆయన మేనల్లుడు, అంతే ఇద్దరు. సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, హెడ్‌లైట్ల వైరింగ్, ఏసీ పనులు ఎక్కువగా చేస్తుంటారు. నా కారులో సీటు బెల్టు ప్రీటెన్షనర్, అంటే గుద్దుకున్నప్పుడు బెల్టుని ఒంటికి బిగించే ఏర్పాటు, దాని ఫాల్టు పట్టుకుని బాగుచేసింది వీళ్లే. వేరేచోట 17,400 అవుతుందన్న పని ఇక్కడ 3,250కి అయిపోయింది. డబ్బు మిగిలింది సరే, అంతకంటే నాకు నచ్చింది ఆ మనిషి పని చేసిన తీరు. ఒక్క వస్తువు కూడా మార్చకముందే తప్పు ఎక్కడుందో కొలిచి నా కళ్లకి చూపించాడు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, ఇలాంటి లైటు వెలిగినవాళ్లకి పనికొస్తుందని.

నాది 2017 మోడల్ హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తాళం తిప్పగానే మీటర్లో ఎదురుగా గుండ్రటి బంతి పెట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ ఎర్రగా వెలిగి ఆరేడు సెకన్లకి ఆరిపోతుంది కదా, ఆగస్టు వానల్లో ఒకరోజు అది ఆరలేదు. మర్నాడు ఆరింది. రెండు రోజులు పోయాక కళింగపట్నం వెళ్లొస్తుంటే గతుకు తగిలిన చోట మళ్లీ వెలిగింది, ఇక ఆరనేలేదు. చాలామంది దీన్ని బెల్టు పెట్టుకోకపోతే వచ్చే లైటు అనుకుంటారు, నేనూ మొదట అలాగే అనుకుని బెల్టు తీసి పెట్టి, తీసి పెట్టి చూశాను. రెండూ వేరు. భుజం మీదుగా అడ్డంగా పట్టీ ఉన్న మనిషి బొమ్మ వెలిగితే అది బెల్టు పెట్టుకోమని గుర్తుచేయడం, బకిల్ లోపలి స్విచ్చుకి సంబంధించినది. బంతి ఉన్న బొమ్మ వెలిగి ఆరకపోతే ఎయిర్‌బ్యాగులు, ప్రీటెన్షనర్లు, వాటి కంప్యూటరు, వైర్లు వీటన్నిటిలో ఎక్కడో తేడా ఉన్నట్టు.

ఇంజను బాగానే నడుస్తోంది, ఏసీ బాగానే వస్తోంది, ఒక్క లైటే కదా అని ఒగ్గేయొచ్చు. నేను ఒగ్గేయలేకపోయాను, ఎందుకంటే నా పక్క సీట్లో కూర్చునేది మా అమ్మ. 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులతో వెనక సీట్లోకి ఎక్కలేదు. నెలకోసారి విశాఖపట్నం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, లారీలతో కిక్కిరిసిన హైవే మీద వంద కిలోమీటర్ల పైనే. ఆ లైటు వెలుగుతున్నంతసేపూ గుద్దుకుంటే నా పక్కనున్న మనిషిని కాపాడాల్సింది పనిచేస్తుందో లేదో తెలీకుండా బండి నడుపుతున్నాననే అనిపించేది. ఇలాంటి లైటు వెలిగినప్పుడు కొన్ని కార్లలో తప్పున్న ఆ ఒక్క భాగమే పనిచేయదు, కొన్నింటిలో మొత్తం వ్యవస్థే ఆగిపోవచ్చు. మనది ఏ రకమో రోడ్డు మీద తెలుసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

మొదట వెళ్లింది ఒక పెద్ద సర్వీసు సెంటరుకి. పేరు అనవసరం. స్కానర్ పెట్టారు, పది నిమిషాల్లో బయటికొచ్చి, ముందు ప్యాసింజర్ సైడు ప్రీటెన్షనర్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ అని వచ్చింది సార్, బెల్టు అసెంబ్లీ మొత్తం మార్చాలి అన్నారు. ఎస్టిమేటు 17,400. మార్చాక కూడా లైటు ఆరకపోతే అని అడిగాను. అప్పుడు వైరింగ్ చూస్తాం, అదీ కాకపోతే ఎయిర్‌బ్యాగ్ ఈసీయూ, అంటే దాని కంప్యూటరు, మార్చాలి అన్నారు. ఒకసారి బిగించిన పార్టు వెనక్కి తీసుకోరట. అంటే అందాజుగా ఒకటి మార్చడం, ఆరకపోతే ఇంకోటి మార్చడం, ప్రతిసారీ డబ్బు నాదే. వాళ్ల స్కానర్ చెప్పింది అబద్ధం కాదు. సర్క్యూట్‌లో రెసిస్టెన్స్, అంటే కరెంటు దారిలో అడ్డు, ఎక్కువ అంది. సర్క్యూట్ అంటే బెల్టు ఒక్కటే కాదు కదా, కంప్యూటరు నుంచి బెల్టు దాకా ఉన్న వైర్లు, మధ్యలో ఉన్న కనెక్టర్లు, వాటి పిన్నులు అన్నీ కలిపి. ఆ తేడా నాకు తర్వాత మేస్త్రి చెబితే తెలిసింది.

రెండోది ఇంకా ఘోరం. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్‌లు అమర్చే చోట ఒక కుర్రాడు చూసి, ఐదొందలివ్వండి సార్, ఐదు నిమిషాల్లో లైటు ఆర్పేస్తాను అన్నాడు. ఎలా అంటే, బెల్టుకి వెళ్లే కనెక్టరు పీకేసి ఆ స్థానంలో ఒక చిన్న రెసిస్టర్ పెట్టేస్తాడట. కంప్యూటరుకి అక్కడ ప్రీటెన్షనర్ ఉన్నట్టే కనిపిస్తుంది, లైటు ఆరిపోతుంది. గుద్దుకున్నప్పుడు కంప్యూటరు పంపిన కరెంటు ఆ రెసిస్టర్లోకి పోతుంది, బెల్టు మాత్రం కదలదు. అమ్మ ఆ బెల్టు పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంటుంది. ఆ మాట వినగానే బండి వెనక్కి తీసుకుని వచ్చేశాను. ఇది ఎవరికైనా చెప్తే తప్పు కాదనేవాళ్లున్నారు, లైటు ఆరిందిగా అంటారు. దయచేసి ఆ పని చేయించుకోకండి, మీ బండిలో ఎవరో ఇదివరకే చేసి ఉంటే తీయించేయండి.

అసలు ప్రీటెన్షనర్ ఏం చేస్తుందో కాస్త చెప్తాను, అది తెలిస్తేనే ఈ పని విలువ తెలుస్తుంది. సీటు బెల్టు మనం ఎంత సరిగ్గా పెట్టుకున్నా చొక్కాకీ బెల్టుకీ మధ్య కాస్త వదులుంటుంది, పెద్దవాళ్లయితే మరీ, బిగుతుగా ఉందని చేత్తో ముందుకి లాక్కుంటారు, మా అమ్మా అంతే. గట్టిగా గుద్దుకున్నప్పుడు ఆ వదులంతా పూర్తయ్యేదాకా ఒళ్లు ముందుకి ఎగిరిపోతుంది. ప్రీటెన్షనర్లో చిన్న మందు ఉంటుంది, దీపావళి సామాను లాంటిదే అనుకోండి. కంప్యూటరు కరెంటు పంపగానే అది పేలి, ఆ గ్యాస్ ఒత్తిడితో బెల్టు చుట్టుకునే చక్రం గిర్రున వెనక్కి తిరిగి బెల్టుని ఒంటికి బిగించేస్తుంది. కొన్ని అంగుళాల బెల్టు వెనక్కి వెళ్లిపోతుంది, అదీ కన్ను రెప్ప వేసేలోపే. మనిషిని సీటుకి పట్టి ఉంచుతుంది కాబట్టే తర్వాత తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ సరైన దూరంలో తగులుతుంది. మూడు పాయింట్ల బెల్టు 1959లో వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ చేసినది. ఈ బిగించే ఏర్పాటుని ఎయిర్‌బ్యాగ్‌తో కలిపి మెర్సిడెస్ బెంజ్ 1981లో తన పెద్ద కార్లలో తెచ్చింది. ఇప్పుడు మన మామూలు కార్లలోనూ ఉంటుంది. ఒకసారి పేలితే అంతే, మళ్లీ పనికిరాదు, మార్చాల్సిందే.

ఈ పేలే మందుకి కరెంటు అందించే చిన్న తీగ రెసిస్టెన్స్ సుమారు రెండు ఓమ్‌లు (రెసిస్టెన్స్‌ని ఓమ్‌లలోనే కొలుస్తారు). కారు ఆన్‌లో ఉన్నంతసేపూ కంప్యూటరు ఆ వైర్లలోకి అతి కొద్ది కరెంటు, పేలడానికి ఏమాత్రం చాలనంత, పంపుతూ ఆ రెండు ఓమ్‌లు ఉన్నాయా అని చూసుకుంటూనే ఉంటుంది. పిన్నుకి చిలుము పట్టి కొన్ని ఓమ్‌లు పెరిగినా చాలు, లైటు వేసేస్తుంది. హారన్ వైరుకో హెడ్‌లైటు వైరుకో ఈ మాత్రం చిలుము పడితే మనకి తెలీనే తెలీదు.

ఇక షాపు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒక సారు చెబితే వెళ్లాను. మేస్త్రి బండి దగ్గరికి రాకముందే నన్ను నిలబెట్టి ప్రశ్నలు వేశాడు. "మాస్టారూ, లైటు ఎప్పుడూ ఎలుగుతోందా, గతుకులు తగిల్తేనే ఎలుగుతోందా? వానల్లో మొదలైందా? సీటు కవర్లు ఈమధ్య మార్పించారా? కిందన మ్యాటు తడిగా ఉంటుందా? బండికి ఎప్పుడైనా డాష్ అయిందా?" సర్వీసు సెంటర్లో ఒక్కరు కూడా ఇవి అడగలేదు. మ్యాటు తడిగా ఉంటుందన్న మాట విన్నాక నాకు గుర్తొచ్చింది, ముందు ఎడమవైపు కాళ్ల దగ్గర ఎప్పుడూ ముక్కిన వాసన వస్తోంది, అమ్మ చెప్పులకి అంటిన వాన నీళ్లనుకున్నాను.

తన స్కానర్ పెట్టాడు. చవగ్గా దొరికే బ్లూటూత్ స్కానర్లలో చాలావరకు ఇంజను కోడ్‌లే (కంప్యూటరు తప్పుకి రాసుకునే గుర్తులు) చదువుతాయి, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరుతో మాట్లాడవు, నా దగ్గరున్నదీ అదే రకం. ఆయన దగ్గర ఎస్‌ఆర్‌ఎస్, అంటే ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ, చదివేది ఉంది. అదే కోడు వచ్చింది. ఆయన దాన్ని చెరపలేదు. ముందు నోట్‌బుక్కులో రాసుకున్నాడు, కోడు, అది ఇప్పుడున్న తప్పా పాత తప్పా, పక్కన తారీఖు. ముందే చెరిపేస్తే దొంగ కాలిజాడ తుడిచేసినట్టే అన్నాడు.

తర్వాత తాళం తీయించి బ్యాటరీ నెగెటివ్ తీసేశాడు. వెంటనే పని మొదలుపెడతాడనుకున్నాను. మేనల్లుణ్ణి పంపి టీ తెప్పించాడు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లో కెపాసిటర్లుంటాయి, గుద్దుకున్నప్పుడు బ్యాటరీ తెగిపోయినా పేల్చడానికి కరెంటు దాచుకుంటాయి, బ్యాటరీ తీశాక కూడా కాసేపు అవి నిండే ఉంటాయి. కంపెనీల పుస్తకాల్లో కొందరు తొంభై సెకన్లు ఆగమంటారు, కొందరు మూడు నిమిషాలు. ఈయన పది నిమిషాలు ఆగుతాడట. టీ తాగి లేచాక కూడా ముందు కారు బాడీ ఇనుముని అరచేత్తో ముట్టుకున్నాడు, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోవడానికి. అప్పుడుగానీ రెండు తలుపుల మధ్య స్తంభానికున్న ప్లాస్టిక్ కవరు మీద చెయ్యి వేయలేదు.

కవరు ఊడదీస్తే లోపల బెల్టు చుట్టుకునే డబ్బా, దానికి పసుపు కనెక్టరు. కారులో ఎక్కడ పసుపు కనెక్టరు, పసుపు గొట్టం కనిపించినా సాధారణంగా అది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థది, అంటే మనం చెయ్యి పెట్టకూడనిది. అక్కడ నేనో తెలివితక్కువ ప్రశ్న వేశాను, మల్టీమీటరు పెట్టి బెల్టులో రెండు ఓమ్‌లున్నాయో లేదో చూసేస్తే సరిపోదా అని. ఆయన మొహం మారిపోయింది. "మీటరు కూడా కరెంటు పంపే కొలుస్తాది మాస్టారూ. దీనికి మీటరు ముట్టించకూడదు." కంపెనీల సర్వీసు పుస్తకాలూ అదే చెబుతాయి. మామూలు మీటరుతో ప్రీటెన్షనర్‌నిగానీ ఎయిర్‌బ్యాగ్‌నిగానీ ఎప్పుడూ నేరుగా కొలవకూడదు.

దానికి బదులు ఆయన చేసింది చూడండి, నాకు బాగా నచ్చింది ఇదే. ఒక ప్లాస్టిక్ డబ్బాలోంచి రెండు ఓమ్‌ల రెసిస్టర్ బిగించిన చిన్న కనెక్టరు తీశాడు. ఆ కుర్రాడు శాశ్వతంగా పెట్టేస్తానన్న వస్తువే, ఈయన చేతిలో పరీక్ష చేసే పనిముట్టయింది. ప్రీటెన్షనర్ పక్కకి పెట్టి, దాని స్థానంలో ఈ డమ్మీ తగిలించి, అందర్నీ బండి బయట నిలబెట్టి, బ్యాటరీ కలిపి, బయట నుంచే చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. కోడు అలాగే ఉంది. "బెల్టు మంచిదే మాస్టారూ. బెల్టు తీసేసి మంచి రెసిస్టర్ పెట్టినా కంప్యూటరు ఏడుస్తోందంటే తప్పు వైరులోనే ఉంది." ఒక్క వాక్యంతో నా 17,400 రూపాయల ఎస్టిమేటు పక్కకి పోయింది.

మళ్లీ బ్యాటరీ తీశాడు, మళ్లీ ఆగాడు. ఈసారి తలుపు కింద గడప పొడవునా ఉన్న ప్లాస్టిక్ పట్టీ లేపి, కార్పెట్ అంచు పైకెత్తాడు. కింద స్పాంజి నొక్కితే నీళ్లు ఉబికి వచ్చాయి. ఆ నీళ్ల పక్కనే ఇంకో పసుపు కనెక్టరు, కంప్యూటరు నుంచి వచ్చే వైర్లూ బెల్టుకి వెళ్లే వైర్లూ కలిసే చోటు. ఈసారి డమ్మీని అక్కడ, కంప్యూటరు వైపు సగానికి తగిలించి చూశాడు. కోడు ఇప్పుడున్న తప్పు నుంచి పాత తప్పుగా మారింది, లైటు ఆరింది. అంటే కంప్యూటరు మంచిది, అక్కడిదాకా వైరు మంచిది, బెల్టు మంచిది. తప్పు ఈ కనెక్టరు నుంచి బెల్టు దాకా ఉన్న రెండు మూరల్లోనే ఉంది. బావిలో బకెట్ జారిపోతే గాలం వేసి ఈ మూల నుంచి ఆ మూలకి వెతుక్కుంటూ పోయినట్టు, ఒక్కో వైపూ కొట్టేసుకుంటూ వచ్చాడు.

రెండు చివర్లూ ఊడదీసిన ఆ వైరు ముక్కకి మీటరు పెట్టడంలో ప్రమాదం లేదు, అప్పుడు మీటరు తీశాడు. ఒక వైరు మామూలుగా చూపించింది. రెండోది ఆరు, తొమ్మిది, నాలుగు అంటూ నిలకడ లేకుండా ఊగింది, కనెక్టరు దగ్గర వైరు కాస్త కదిపితే పూర్తిగా తెగినట్టు చూపించింది. గతుకు తగిల్తే లైటు ఎందుకు వెలిగేదో అప్పుడు అర్థమైంది. టార్చి వేసి చూపించాడు, కనెక్టరు లోపల రెండు పిన్నుల్లో ఒకటి తళతళలాడుతోంది, రెండోదాని మెడ చుట్టూ పాత రాగి చెంబుకి పట్టే చిలుములాగా పచ్చగా, పొడిపొడిగా. గోటి అంచుతో ముట్టుకుంటే రాలింది.

ఇంకో చిన్న విషయం, ఈ పని చేసేవాళ్లకి ఉపయోగపడుతుంది. ఈ కనెక్టర్లలో బెల్టు వైపు సగంలో ఒక సన్నని రేకు ఉంటుంది, కనెక్టరు ఊడగానే అది రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది, స్టాటిక్ కరెంటుకి పొరపాటున పేలిపోకుండా. తెలీని మెకానిక్కు మీటరు పెట్టి రెండు వైర్లూ షార్టయ్యాయని మంచి వైరింగ్ కోసి పారేస్తాడు. ఈయన సన్నని ప్లాస్టిక్ ముక్కతో ఆ రేకుని పైకి లేపి, అప్పుడు రెండింటి మధ్య చూశాడు, షార్ట్ లేదు. తర్వాత ఒక్కో వైరునీ బాడీకి చూశాడు, అక్కడా లేదు. రేకుని మళ్లీ కిందకి వదిలి సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూసుకున్నాడు.

నీళ్లెక్కడివి? వాన నీళ్లనుకున్నాం కదా, కాదు. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం దుమ్ముతో, ఆకులతో మూసుకుపోయింది. మన వైపు ఉక్కకి ఏసీ ఎంత నీరు తీస్తుందో తెలుసుగా, ఆ నీరంతా బయటికి పోకుండా లోపల ఎడమ కాళ్ల దగ్గరికి దిగి, కార్పెట్ కింద నుంచి పాకి ఆ కనెక్టరు దాకా వచ్చింది. గొట్టంలోకి గాలి కొడితే గ్లాసుడు బురద నీళ్లు పడ్డాయి. ఈ గొట్టం శుభ్రం చేయకుండా కనెక్టరు బాగుచేసి ఉంటే వచ్చే ఏడాది మళ్లీ ఇదే కథ.

చిలుముని స్ప్రే కొట్టి తుడిచేయొచ్చు కదా అన్నాను. రెండు నెలలు బాగుంటుంది, తర్వాత మళ్లీ వస్తుంది, ఈ వైరులో అలాంటి పని చేయను అన్నాడు. ఇంకో మాట ముందే చెప్పాడు, కొన్ని కంపెనీలు ఈ పసుపు వైర్లకి రిపేరే ఒప్పుకోవు, వైరింగ్ మొత్తం మార్చమంటాయి, కొన్ని కంపెనీలు తాము చెప్పిన పద్ధతిలో, తమ కిట్‌తో చేస్తే ఒప్పుకుంటాయి. నా కారు సర్వీసు పుస్తకంలో ఆ పేజీ ట్యాబ్‌లో తెరిచి, పిన్ను మార్చడానికి అనుమతి ఉందని చూపించి, మీరు సరేనంటేనే చేస్తాను అన్నాడు. సరేనన్నాను. ఫ్యాక్టరీలోనే పిన్ను బిగించి వచ్చిన వైరు ముక్కలు విశాఖపట్నం నుంచి తెప్పించాడు, రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ బండి అక్కడే, నేను ఆటోల్లో తిరిగాను.

అతుకు వేసేటప్పుడు దగ్గరుండి చూశాను. సోల్డరింగ్ పెట్టలేదు. టంకం పెట్టినచోట వైరు కర్రలా గట్టిపడి, బండి వణుకుడికి ఆ అంచు దగ్గరే తెగిపోతుందట. పళ్లున్న పటకారు లాంటి క్రింపింగ్ టూల్‌తో ఒక్కసారి నొక్కి, లాగి చూసి, లోపల జిగురున్న గొట్టం తొడిగి వేడి చేశాడు. జిగురు రెండు చివర్లా ముత్యాల్లా బయటికొచ్చేదాకా ఆగాడు, అప్పుడే నీళ్లు లోపలికి పోవట. రెండు వైర్ల అతుకులూ పక్కపక్కనే పడకుండా ఒకటి ముందూ ఒకటి వెనకా పెట్టాడు. ఈ జంట వైర్లు ఫ్యాక్టరీ నుంచే మెలి పెట్టి వస్తాయి, బయటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి వాటి మీద పనిచేయకుండా. ఆ మెలికలు కూడా మళ్లీ అలాగే తిప్పాడు. కనెక్టరుని స్పాంజి మీద వదిలేయకుండా అంగుళం పైకి లేపి క్లిప్పుతో కట్టాడు.

మళ్లీ మీటరు పెడితే రెండు వైర్లూ సమానంగా వచ్చాయి. డమ్మీ తీసి అసలు ప్రీటెన్షనర్ తగిలించి, డమ్మీని నా చేతికిచ్చి, "ఇది మీ బండిలో ఉండిపోలేదని మీరే సూసుకోండి" అన్నాడు. మళ్లీ అందరం బయట, బ్యాటరీ కలిపాడు, తాళం తిప్పాడు. బొమ్మ వెలిగింది. మేనల్లుడు వేళ్లతో లెక్కపెట్టాడు. ఆరు దగ్గర ఆరింది. అప్పుడు కోడు చెరిపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎచ్చెర్ల మీదుగా చిలకపాలెం దాకా తీసుకెళ్లాడు, స్పీడు బ్రేకర్లు తప్పించకుండా కావాలనే ఎక్కించాడు, సీటు ముందుకీ వెనక్కీ జరిపించాడు. తిరిగొచ్చాక మళ్లీ స్కాన్ చేస్తే ఒక్క కోడూ లేదు.

బిల్లు 3,250. తప్పు వెతికినందుకు 800, పనికి 1,500, పిన్నులూ గొట్టాలూ కలిపి 650, ఏసీ గొట్టం శుభ్రానికి 300. తప్పు వెతికినందుకు వేరే డబ్బులేంటని కొందరు గొడవ పడతారట ఆయనతో. నాకైతే ఆ 800 అన్నిటికంటే న్యాయంగా అనిపించింది. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలు ఆయన చేసిందంతా వెతకడమే.

బాగోలేనివి కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తరు, పార్టు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. కూర్చోడానికి ఒక ప్లాస్టిక్ స్టూలు తప్ప ఏమీ లేదు, ఆడవాళ్లని, పెద్దవాళ్లని తీసుకెళితే ఇబ్బంది. బిల్లు అడిగితే గానీ ఇవ్వలేదు, అదీ చేత్తో రాసిన కాగితం. గడప పట్టీ బిగించేటప్పుడు ఒక క్లిప్పు విరిగింది, అది నాకు చెప్పలేదు, ఇంటికొచ్చాక తెలిసింది. మర్నాడు వెళ్లి అడిగితే వాదించకుండా కొత్తది వేశాడు కానీ ముందే చెప్పాల్సింది. కార్పెట్ కూడా పూర్తిగా ఆరకముందే పరిచేశాడు. నేను ఇంటి దగ్గర రెండు రోజులు ఎత్తిపెట్టి ఎండబెట్టుకోవాల్సి వచ్చింది, మీరు చేయిస్తే దగ్గరుండి ఆరబెట్టించండి.

ఆ మూడు రోజుల్లో ఆయన నోట విన్నవి కొన్ని. వీళ్ల దగ్గరికి ఈ లైటుతో వచ్చే బండ్లలో కొన్నింటికి కారణం సీటు కవర్లు వేసేవాళ్లు. సీటు కింద పసుపు కనెక్టరు లాగేసి సగం పెట్టి వదిలేస్తారు. కవర్లు వేయించేటప్పుడు సీటు విప్పాల్సి వస్తే తాళం తీసి ఉంచాలి, కనెక్టరు ఊడదీసి ఉండగా తాళం తిప్పితే కోడు పడి లైటు నిలిచిపోతుంది. ఇంకొన్నిటికి ఎలకలు, పంట ఇంటికొచ్చే రోజుల్లో కళ్లాల పక్కన పెట్టిన బండ్లయితే మరీ. బకిల్ వైపు ప్రీటెన్షనర్ ఉన్న కార్లలో సీటు జరిగినప్పుడల్లా వైరు వంగి వంగి లోపలే తెగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. సముద్రం పక్క ఊళ్ల బండ్లకి చిలుము ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఆయన చెప్పిన మాట మాత్రం తప్పక రాయాలి. తాళం తిప్పగానే ఆ బొమ్మ అసలు వెలగకపోతే సంతోషపడొద్దు, వెలగాలి, వెలిగి ఆరాలి. వెలగలేదంటే ఎవరో బల్బు పీకేసి ఉండొచ్చు. యాక్సిడెంటైన బండికి పేలిపోయిన బెల్టు అలాగే ఉంచి, రెసిస్టర్ పెట్టి అమ్మినవి ఆయన చూశాడట. స్తంభం కవరు ఒక్కసారి ఊడదీయించి కనెక్టరు నిజంగా బెల్టుకే ఉందో లేదో చూసుకుంటే తెలిసిపోతుంది. అలాగే బెల్టు పెట్టుకోకుండా అలారం నొక్కేయడానికి బకిల్‌లో దూర్చే ఇనుప క్లిప్పులు, 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్‌లో వాటి అమ్మకం ఆపమని ఉత్తర్వులిచ్చింది, అయినా చాలా బండ్లలో కనిపిస్తూనే ఉన్నాయి. బెల్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఒకెత్తు. బెల్టు పెట్టుకోని మనిషికి ప్రీటెన్షనర్ ఎంత మంచిదైనా ఏం బిగిస్తుంది?

పోయిన వారం అమ్మని విశాఖపట్నం తీసుకెళ్లాను. బయల్దేరే ముందు తాళం తిప్పి ఆ బొమ్మ ఆరేదాకా ఆగాను. "ఏటి, కదలవేటి?" అంది. ఆరింది, కదిలాం. షాపుకి వెళ్లాలనుకుంటే ఉదయం పదికల్లా వెళ్లండి, మధ్యాహ్నం దాటితే ఆటోల సెల్ఫ్ పనులతో నిండిపోతుంది. సందులో కారు తిప్పడానికి చోటు చాలదు, అందుకని మెయిన్ రోడ్డు మీద ఆపి ముందు ఆయన్ని పిలవండి. వెళ్లేముందు ఎవరి చేతా కోడు మాత్రం చెరిపించకండి.